ఒకే పెళ్లి, రెండు క్యాసెట్లు: పాత వీడియోను కొత్త టీవీకెక్కించిన ఒక కేసు

"ఒరిజినల్ పాడైపోయింది, కాపీ మాత్రం శుభ్రంగా ఆడుతోంది. ఇదేం విడ్డూరమయ్యా?" నా రిపేరు షాపు మెట్లెక్కుతూనే అడిగారు మాస్టారు. చేతిసంచిలో రెండు వీహెచ్‌ఎస్ క్యాసెట్లు. రెండింటి మీదా ఒకే పెళ్లి పేరు. 1998లో తెనాలిలోనే జరిగిన వాళ్లమ్మాయి పెళ్లి. రెండోదాని మీద మాత్రం ఎర్ర స్కెచ్ పెన్నుతో 'యూఎస్ కాపీ' అని అదనంగా రాసి ఉంది.

ఆ రెండు ముక్కలు చదవగానే నాకు సగం కేసు తేలిపోయింది. మిగతా సగానికి మూడు ఆదివారాలు పట్టింది. అంత ఎందుకు పట్టిందో రాస్తున్నాను. ఇలాంటి క్యాసెట్ల పెట్టెలు ఇంకా చాలా ఇళ్లలో అటకల మీదే ఉన్నాయి. వాటిని కిందికి దించినవాళ్లు ముందుగా చేసే పని ఆన్‌లైన్‌లో ఒక కన్వర్టర్ డబ్బాకు ఆర్డర్ పెట్టడం. నా అనుభవంలో అది చివర చేయాల్సిన పని. ఒక్కోసారి అసలు చేయక్కర్లేని పని.

ఇంట్లో ఉన్న సరంజామా

మాస్టారి అబ్బాయి 1996లో న్యూజెర్సీ వెళ్లాడు. చెల్లెలి పెళ్లికి రాలేకపోయాడు. అందుకని ఆ పెళ్లి క్యాసెట్‌ను అమెరికా టీవీలో ఆడేలా మార్పించి పంపారు. అదే యూఎస్ కాపీ. అప్పట్లో అది మామూలే. పెళ్లి వీడియో తీసినవాళ్లే అదనంగా కొంత తీసుకుని అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలోకి మార్పించి ఇచ్చేవాళ్లు. ఆ తర్వాత అబ్బాయి అక్కడే హ్యాండీక్యామ్ కొని ఇల్లు, పిల్లలు, అమ్మానాన్నల అమెరికా ప్రయాణం అన్నీ 8 ఎంఎం క్యాసెట్లలో తీశాడు. నిరుడు ఇల్లు మారుతూ 9 చిన్న క్యాసెట్లు, హ్యాండీక్యామ్, అక్కడి వీసీఆర్, ఈ యూఎస్ కాపీ కలిపి తెలిసినవాళ్ల సామానుతో తెనాలి చేర్చాడు.

ఆ వీసీఆర్ 120 వోల్టులది. మాస్టారు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని, దాని ద్వారానే పెట్టారు. ఈ జాగ్రత్త చాలామంది తీసుకోరు. అలా నేరుగా 230లో పెట్టి పేల్చిన సప్లైలు నా బల్ల మీదకు ఎన్ని వచ్చాయో లెక్కలేదు. కాకపోతే మాస్టారు ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను చోటు కలిసొస్తుందని వీసీఆర్ నెత్తినే పెట్టారు. స్పీకర్లలో గుయ్‌మని ఒకటే మోత. రెండడుగులు పక్కకు జరిపితే పోయింది.

ఇటు తెనాలి వైపు 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ. వెనక మూడు హెచ్‌డీఎంఐ సాకెట్లు. పసుపు, తెలుపు, ఎరుపు గుండ్రటి సాకెట్లు కనపడలేదు. పాత డబ్బా టీవీ ఎక్స్‌ఛేంజ్‌లో పోయింది. పెళ్లినాటి వీసీఆర్ అంతకన్నా ముందే పాత సామాన్లవాడికి పోయింది.

అబ్బాయి ఫోన్లో "కన్వర్టర్ కొనండి నాన్నా" అన్నాడు. మొదట కొన్న డబ్బా ఉల్టాది. హెచ్‌డీఎంఐని పాత ఏవీగా మార్చేది. రెండు డబ్బాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండింటికీ ఒకవైపు మూడు రంగుల సాకెట్లు, ఇంకోవైపు హెచ్‌డీఎంఐ. తేడా అంతా ఏది ఇన్‌పుట్, ఏది అవుట్‌పుట్ అని రాసిన చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని వెనక్కి పంపి రెండోది తెప్పించారు. అది సరైనదే. అమెరికా వీసీఆర్, ఆ డబ్బా, టీవీ కలిపి యూఎస్ కాపీ పెడితే పెళ్లి కనిపించింది. ఒరిజినల్ పెడితే స్క్రీన్ నిండా గీతలు, మధ్యమధ్య నీలం తెర, నాదస్వరం ఎవరో తరిమినట్టు పరుగు. "ఇరవై ఏళ్లు దాటింది కదా, టేపు పోయింది" అని మాస్టారు తీర్మానించారు. ఒరిజినల్‌ను చెత్తబుట్టలో వేసే ముందు ఒకసారి నాకు చూపిద్దామని వచ్చారు. ఆ ఒక్కసారి రాకపోతే ఈ కేసే లేదు.

టేపు పోలేదు, మెషీన్ తప్పు

మన దేశంలో 1982లో కలర్ టీవీ వచ్చింది పాల్ పద్ధతిలో. బొమ్మకు 625 అడ్డగీతలు, సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 నిండు బొమ్మలు. అమెరికాది 1953 నాటి ఎన్‌టీఎస్‌సీ కలర్. 525 గీతలు, సెకనుకు 29.97 ఫ్రేములు. ఇది టీవీ గొడవేనని చాలామంది అనుకుంటారు. క్యాసెట్ దగ్గరికి వచ్చేసరికి గొడవ టీవీ కంటే ముందే మొదలవుతుంది. పాల్ వీహెచ్‌ఎస్‌లో టేపు సెకనుకు 23.39 మిల్లీమీటర్లు కదులుతుంది. ఎన్‌టీఎస్‌సీలో 33.35. టేపును చదివే వీడియో హెడ్లున్న డ్రమ్ము పాల్‌లో నిమిషానికి 1,500 సార్లు తిరుగుతుంది, ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 1,800. క్యాసెట్ ప్లాస్టిక్ డబ్బా మాత్రం రెండింటికీ ఒకటే. అందుకే ఏ క్యాసెట్ ఏ మెషీన్‌లోనైనా చక్కగా దూరిపోతుంది. దూరినంత మాత్రాన ఆడదు.

అమెరికా వీసీఆర్‌కు తెలిసిన వేగం, తెలిసిన తిప్పుడు ఒక్కటే. పాల్ టేపు మీద బొమ్మ రాసిన బాటలు ఎక్కడున్నాయో దాని హెడ్లకు దొరకవు. దొరకని బొమ్మను ఆ తర్వాత వచ్చే కన్వర్టర్ డబ్బా ఎక్కణ్నుంచి తెస్తుంది? డబ్బా పని మెషీన్ చదివి ఇచ్చినదాన్ని మార్చడం. చదవనిదాన్ని మార్చలేదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం డబ్బులు మిగులుతాయి.

నా షాపులో ఒక పాత మల్టీ సిస్టమ్ వీసీఆర్ ఉంది, పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ చదువుతుంది. దాన్ని అమ్మమని చాలామంది అడిగారు గానీ ఇలాంటి రోజు కోసమే ఉంచుకున్నా. దానికి జోడీగా 14 అంగుళాల మల్టీ సిస్టమ్ డబ్బా టీవీ. ఒరిజినల్ పెట్టాను. ముందు కాసేపు గీతలు, తర్వాత ట్రాకింగ్ సర్దుకుంది. పందిట్లో అరటి చెట్లు, మైకు పట్టుకున్న పురోహితుడు, మాడుపగిలే ఎండ. మాస్టారు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"అయితే పాడవలేదన్నమాట."

"లేదండి. ఈ టేపుకు ఆ మెషీన్ భాష రాదంతే."

ఊరికే పోలిక కోసం యూఎస్ కాపీని కూడా అదే మెషీన్‌లో పెట్టి, ఒకే చోట ఆపి ఆపి చూశాం. తలంబ్రాల దగ్గర తేడా తెలిసింది. ఒరిజినల్‌లో బియ్యపు గింజలు విడివిడిగా, తెల్లటి చుక్కల్లా రాలుతున్నాయి. ఫ్రేము ఆపితే గింజ గింజా లెక్కపెట్టొచ్చు అన్నంతగా ఉంది. కాపీలో అదే క్షణంలో గింజలు లేవు, చిన్న చిన్న జంట గీతలున్నాయి. ఒక గింజ పక్కనే దాని నీడలా ఇంకో గింజ.

కారణం లెక్కలో ఉంది. పాల్‌లో సెకనుకు 50 ఫీల్డులు, అంటే 50 సగం బొమ్మలు. వాటిని ఎన్‌టీఎస్‌సీ చేయాలంటే దాదాపు 60 కావాలి. ప్రతి 5 ఫీల్డుల నుంచి 6 పుట్టించాలి. ఆ ఆరోది కెమెరా చూడనిది. దాన్ని ముందు వెనకలున్న ఫీల్డులను కలిపి వండుతారు. కదలని మండపం మీద ఆ వంటకం తెలియదు, గాల్లో ఎగిరే గింజ మీద తెలుస్తుంది. దానికి తోడు కనపడే గీతలు 576 నుంచి 480కి తగ్గాయి. పైగా అది వీహెచ్‌ఎస్ నుంచి వీహెచ్‌ఎస్‌కు ఇంకో తరం. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా ఉండే స్పష్టతే సుమారు 240 లైన్లు, అందులోంచి మళ్లీ కోత. నిజానికి ఒరిజినల్ అంటున్నది కూడా వీడియో తీసినాయన టైటిళ్లు, సీను మారేచోట గులాబీ పువ్వు ఎఫెక్టులు పెట్టి మిక్సింగ్ చేశాక ఇచ్చిన కాపీయే. అయినా ఇప్పుడు భూమ్మీద ఉన్నవాటిలో అదే మేలు.

"మరి ఇన్నాళ్లూ మావాడు చూసింది సగం పెళ్లేనన్నమాట" అన్నారు మాస్టారు.

నాలుగు పనులకు ఒకే పేరు

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పాలి. కన్వర్టర్ అంటే ఒకే పని అనుకుంటాం. లోపల నాలుగు వేరే వేరే పనులున్నాయి, వాటి ఖరీదూ వేరు, నష్టమూ వేరు.

ప్లగ్గు ఆకారం మార్చడం ఒకటి. పసుపు గుండ్రటి ప్లగ్గు (ఆర్‌సీఏ) నుంచి 3.5 మిల్లీమీటర్ల జాక్‌కు, స్కార్ట్ అనే వెడల్పాటి యూరప్ ప్లగ్గు నుంచి ఆర్‌సీఏకు. ఇది ఉత్త వైరు. సిగ్నల్‌లో ఏమీ మారదు, నష్టం లేదు. సిగ్నల్‌ను మూట కట్టిన తీరు మార్చడం రెండోది. కాంపోజిట్‌లో వెలుగు, రంగు ఒకే పసుపు వైరులో కలిసి వస్తాయి. ఎస్-వీడియోలో ఆ రెంటికీ విడి వైర్లు. కాంపోనెంట్‌లో వెలుగు ఆకుపచ్చ వైరులో, రెండు రంగు తేడాలు నీలం, ఎరుపు వైర్లలో. కలిసినదాన్ని విడదీయాలంటే సర్క్యూట్ కావాలి, ఎంత మంచి సర్క్యూట్ అయినా అంచుల్లో చుక్కలు పాకడం పూర్తిగా పోదు. మూడోది గీతలు, ఫ్రేముల లెక్క మార్చడం. తలంబ్రాల కథ అదే, అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. నాలుగోది అనలాగ్‌ను డిజిటల్ చేసి హెచ్‌డీఎంఐలో పంపడం.

ఆన్‌లైన్‌లో దొరికే చవక డబ్బా ఈ చివరి మూడూ అడక్కుండానే, ఒకదాని మీద ఒకటి చేసేస్తుంది. మాస్టారి డబ్బాను నేను ఒరిజినల్ టేపుతో పరీక్షించి చూశాను. ఏ టేపు పెట్టినా బయటికి 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 బొమ్మలు మాత్రమే ఇస్తోంది. పక్కన ఉన్న స్విచ్చు 720, 1080 మధ్య మారుస్తుందే గానీ 50 హెర్ట్జ్ ఇవ్వదు. 25 ఫ్రేములను 60లో సర్దాలంటే కొన్ని ఫ్రేములను రెండుసార్లు, కొన్నిటిని మూడుసార్లు చూపించాలి. కెమెరా పందిరి ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగినప్పుడల్లా బొమ్మ ఎడ్లబండి మీద వెళ్తున్నట్టు కుదుపు. డబ్బా పాడేం కాలేదు, అది చేసే పనే అంత.

పనిలో పనిగా ఇంకోటి. పోయిన ఏడాది ఒకాయన డీవీడీ ప్లేయర్ ఆకుపచ్చ సాకెట్ నుంచి టీవీ పసుపు సాకెట్‌కు వైరు కలిపి "బ్లాక్ అండ్ వైట్ వస్తోంది, టీవీ పోయింది" అని మోసుకొచ్చాడు. ఆకుపచ్చలో ఉండేది వెలుగు, దాంతోపాటు ఏ గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సింక్ మాత్రమే. రంగు మిగతా రెండు వైర్లలో ఆయన ఇంట్లోనే ఉంది.

రెండో ఆదివారం: టీవీ వెనక

డబ్బా పక్కనపెట్టి టీవీ వెనక టార్చి వేశాను. హెచ్‌డీఎంఐల కింద, గోడవైపు, హెడ్‌ఫోన్ సాకెట్ లాంటి చిన్న బొక్క. పక్కన చిన్న అక్షరాలతో ఏవీ ఇన్ అని ఉంది. అదే పాత పసుపు, తెలుపు, ఎరుపు. మూడూ ఒకే 3.5 మిల్లీమీటర్ల జాక్‌లోకి సర్దారు.

"అది చెవిలో పెట్టుకునేదనుకున్నానయ్యా" అన్నారు మాస్టారు. అనుకోవడమే కాదు, పక్కింటి కుర్రాడు చెప్పాడని ఒక ఆక్స్ కేబుల్ కొని హ్యాండీక్యామ్ నుంచి నేరుగా అందులో గుచ్చి చూశారట కూడా. ఒక పక్క స్పీకర్‌లో మాటలు, ఇంకో పక్క బర్రుమనే చప్పుడు, బొమ్మ లేదు. అలాగే వస్తుంది మరి. ఆక్స్ కేబుల్ ప్లగ్గుకు రెండు నల్ల గీతలు, అంటే మూడు భాగాలు. ఏవీ ప్లగ్గుకు మూడు గీతలు, నాలుగు భాగాలు. రెండు సౌండ్లు, ఒక వీడియో, ఒక గ్రౌండ్ కావాలి కదా. మూడే ఉంటే వీడియో వెళ్లి గ్రౌండ్‌కు తగులుతుంది.

నాలుగు భాగాలున్న ప్లగ్గు దొరికితే చాలనుకోవడానికీ లేదు. ఏ భాగంలో వీడియో, ఏ భాగంలో గ్రౌండ్ అనేది కంపెనీ కంపెనీకీ మారుతుంది. బయట కొన్న కేబుల్ పెడితే పసుపు ప్లగ్గులో సౌండు, ఎర్ర ప్లగ్గులో బొమ్మ వచ్చిన సందర్భాలు నేను చూశాను. అప్పుడు రంగులు మరిచిపోయి ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూస్తే కొన్నిసార్లు పనైపోతుంది. గ్రౌండే తేడాగా ఉంటే మాత్రం కాదు. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి ఒక్కో పిన్నుకూ ఒక్కో భాగం తాకించి చూస్తే రెండు నిమిషాల పని. మాకు అంత దూరం పోనక్కర్లేకపోయింది. టీవీతో ఇచ్చిన జానెడు అడాప్టర్ వైరు బీరువాలో, వారంటీ కార్డున్న కవర్లోనే, ఇప్పని ప్లాస్టిక్ సంచిలో దొరికింది. అమ్మగారు తెచ్చిచ్చారు. "పారేద్దామంటే ఈయన ఒప్పుకోలేదు" అన్నారు. ఈసారికి ఈయనే గెలిచారు.

హ్యాండీక్యామ్ వైరు, ఆ అడాప్టర్, టీవీ. అంతే, మధ్యలో డబ్బా లేదు. 2001 నాటి 8 ఎంఎం క్యాసెట్ పెట్టాను. బొమ్మ కదలకుండా, నిలకడగా వచ్చింది. రంగు లేదు.

ఈ పనిలో బొమ్మ ఎలా చెడిందో చూస్తే చాలా వరకు కారణం అదే చెప్తుంది. బొమ్మ కిందికి పైకి దొర్లుతుంటే 50, 60ల తగాదా. నిలబడి ఉండి రంగు మాత్రమే లేదంటే రంగు మోసే తరంగం దగ్గర తేడా. పాల్‌లో అది 4.43 మెగాహెర్ట్జ్, ఎన్‌టీఎస్‌సీలో 3.58. టీవీ 4.43 దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంటే 3.58లో వచ్చే రంగు దానికి వినపడదు, వెలుగు మాత్రం చూపిస్తుంది. మెనూలో వెతికితే ఏవీ ఇన్‌పుట్‌కు కలర్ సిస్టమ్ పాల్ అని బిగించి ఉంది. ఆటో చేశాను. రెండు క్షణాల్లో న్యూజెర్సీ గడ్డి పచ్చబడింది.

అమ్మగారు వంటింట్లోంచి తొంగిచూసి, "అల్లుడు అప్పుడే ఇంత లావున్నాడా?" అన్నారు. అమెరికా వెళ్లి వచ్చిన అల్లుడి కడుపు గురించి కాదు గొడవ. నాలుగుకు మూడు కొలతలో తీసిన బొమ్మను టీవీ 16కు 9 స్క్రీన్ నిండా సాగదీసింది. కొలత మార్చగానే పక్కల నల్ల పట్టీలొచ్చాయి, అల్లుడు చిక్కాడు. స్క్రీన్ వృథా అవుతోందని మాస్టారికి కాస్త బాధ కలిగింది గానీ ఈ విషయంలో నేను అమ్మగారి పక్షమే.

చీర పట్టుకుని రంగు సర్దాం

ఆ క్యాసెట్‌లోనే అమ్మగారు పెరట్లో నిలబడి చెయ్యూపుతున్నారు. కట్టుకున్నది మంగళగిరి పట్టు. టీవీలో అది నీలంగా కనపడుతోంది.

"నీలం కాదు నాయనా, వంకాయ రంగు" అన్నారు.

ఇరవై ఏళ్ల నాటి జ్ఞాపకం కదా అని నేను తలూపి ఊరుకోబోయాను. ఆవిడ లోపలికి వెళ్లి ఆ చీరే తెచ్చారు. మడత విప్పి టీవీ పక్కన పట్టుకుని నిలబడ్డారు. నిజంగానే వంకాయ రంగు. నా వృత్తిలో కలర్ బార్ జనరేటర్‌తో రంగు సర్దాను, కలర్ చార్టుతో సర్దాను, చీరతో సర్దడం అదే మొదలు.

రిమోట్ తీసుకుని టింట్, అంటే రంగును అటూ ఇటూ జరిపే ఆప్షన్ దగ్గరికి వెళ్లాను. మీ టీవీలో ఆ ఆప్షన్ చాలాసార్లు బూడిదరంగులో, నొక్కినా పలకకుండా ఉండటం చూసే ఉంటారు. అది చెడిపోవడం కాదు. పాల్‌లో దానితో పని లేదు. రంగు ఏదన్నది తరంగం ఫేజ్‌లో, అంటే అది ఎంత ముందుకో వెనక్కో జరిగి ఉందన్నదాంట్లో ఉంటుంది, దారిలో ఫేజ్ కాస్త జరిగితే ఎన్‌టీఎస్‌సీలో ఎరుపు నారింజ వైపో, వంకాయ నీలం వైపో జారుతుంది. జర్మనీలో టెలిఫంకెన్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ బ్రూక్ 1960ల మొదట్లో దీనికో ఉపాయం కనిపెట్టాడు. ఒక గీతలో పంపిన రంగు సంకేతాల్లో ఒకదాన్ని తర్వాతి గీతలో తిరగేసి పంపడం. ఒక గీతలో తప్పు ఇటు జరిగితే పక్క గీతలో అటు జరుగుతుంది, రెండూ కలిపితే తప్పు తప్పును కొట్టేస్తుంది. రంగు కాస్త పలచబడుతుందే తప్ప మారదు. గీతను తర్వాతి గీతతో కలపాలంటే దాన్ని 64 మైక్రోసెకన్లు ఆపి ఉంచాలి. పాత కలర్ టీవీ బోర్డుల మీద తపాలా బిళ్లంత డబ్బా ఒకటి కనపడేది చూడండి, ఆ డిలే లైన్ చేసేది ఆ పనే. మన పాల్ టీవీలకు టింట్ మరతో పని పడకపోవడానికి కారణం అది.

ఇక్కడ వస్తున్నది ఎన్‌టీఎస్‌సీ కాబట్టి టింట్ వెలిగింది. మూడు గళ్లు ఎరుపు వైపు జరిపాను. చీర వంకాయకు వచ్చింది. అమ్మగారి ముఖం కూడా మనిషి ముఖం రంగుకు వచ్చింది. అది ముఖ్యం. చీర ఒక్కటే కుదిరి ముఖాలు పచ్చగానో ఎర్రగానో తిరిగితే సర్దుబాటు తప్పన్నమాట.

దీంతో అన్నీ బాగుపడలేదు. అదే క్యాసెట్‌లో రాత్రి ఇంట్లో తీసిన భాగం మొత్తం పసుపు కొట్టుకుపోయి ఉంది. అది సిగ్నల్ తప్పు కాదు. బల్బు వెలుగులో కెమెరా వైట్ బ్యాలెన్స్ కుదరలేదు, తప్పు టేపులోనే ఉంది. టింట్ తిప్పితే ముఖాలు చెడతాయి. అలాంటివి టీవీలో సర్దబోకండి, ఫైలు చేశాక కంప్యూటర్‌లో చూసుకోవచ్చు.

మూడో ఆదివారం: ఒరిజినల్

ఇక అసలు పెళ్లి. నా మల్టీ సిస్టమ్ వీసీఆర్‌ను మోసుకెళ్లి అదే అడాప్టర్‌కు కలిపాను. షాపులో డబ్బా టీవీ మీద హాయిగా ఆడిన టేపు ఇక్కడ ఏడిపించింది. బొమ్మ పై అంచు జెండాలా ఒక పక్కకు వంగుతోంది. వీడియో తీసినాయన కెమెరా ఆపి మొదలుపెట్టిన ప్రతి చోటా ఒక్క క్షణం నో సిగ్నల్.

పాత పిక్చర్ ట్యూబు టీవీ వచ్చిన సింక్ వెంట నడుస్తుంది, అది తూలితే తనూ కాస్త తూలి మళ్లీ అందుకుంటుంది. కొత్త టీవీ ప్రతి గీతనూ కొలిచి, అంకెలుగా మార్చి, చట్రంలో పేర్చుకుంటుంది. టేపు సాగుతుంది, డ్రమ్ము వేగంలో రవ్వంత తేడా ఉంటుంది, అందుకే గీత గీతకూ నిడివి కాస్త మారుతుంది. ఆ తేడా దాని ఓపికను మించితే "సిగ్నలే లేదు పొమ్మం"టుంది.

దీనికి కావాల్సింది గీతల నిడివిని సమం చేసే టైమ్ బేస్ కరెక్టర్. స్టూడియోలు వాడే అసలు మెషీన్ ఇంటివాళ్లకు అందే ధర కాదు. నేను వాడేది పాత డీవీడీ రికార్డర్. రికార్డు చేయడానికి కాదు, సిగ్నల్ దాని కడుపులోంచి వెళ్లడానికి. వచ్చిన గీతలను లోపల పట్టుకుని, సమంగా కత్తిరించి, కొత్త సింక్‌తో బయటికి వదిలే రికార్డర్లు కొన్ని ఉన్నాయి. పానాసోనిక్ ఈఎస్10, ఈఎస్15లకు ఈ పనిలో మంచి పేరు. అందరి దగ్గరా ఉండే డీవీడీ ప్లేయర్ దీనికి పనికిరాదు, దానికి వీడియో ఇన్‌పుటే ఉండదు. రికార్డర్ మధ్యలో పెట్టగానే పై అంచు నిటారుగా నిలబడింది, నో సిగ్నల్ పోయింది. అడుగున మాత్రం సన్నటి చెదిరిన పట్టీ మిగిలింది. రెండు హెడ్లు చేతులు మారే చోటు అది, ప్రతి వీహెచ్‌ఎస్ టేపులోనూ ఉంటుంది. పాత టీవీలు బొమ్మను అంచు దాటించి చూపించేవి కాబట్టి మనకు తెలిసేది కాదు.

అదే వరసలో ఎస్-వీడియో ద్వారా ల్యాప్‌టాప్‌లోకి తీశాను. పాల్ టేపులు 720 అడ్డం 576 నిలువు, 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీ 8 ఎంఎం టేపులు 720 అడ్డం 480 నిలువు, 29.97 ఫ్రేములు. పాల్‌ను పాల్‌గా, ఎన్‌టీఎస్‌సీని ఎన్‌టీఎస్‌సీగా. "అబ్బాయికి అమెరికా పంపాలి, ఎన్‌టీఎస్‌సీ చేయవా?" అని మాస్టారు అడిగారు. 1998లో అయితే తప్పదు, అక్కడి టీవీ మన టేపును చూపించేది కాదు. ఇప్పుడు పంపేది ఫైలు. కంప్యూటర్‌కు, ఫోన్‌కు 25 అయినా 29.97 అయినా ఒకటే. మళ్లీ మారిస్తే మళ్లీ తలంబ్రాలు గీతలవుతాయి.

తలంబ్రాల దగ్గరే నేనూ ఒక తప్పు చేశాను. పెళ్లి ఫైలు తయారుచేసేటప్పుడు తొందరలో ఒక్కో ఫ్రేములో ఉన్న రెండు ఫీల్డుల్లో ఒకదాన్ని వదిలేసి 25 ప్రోగ్రెసివ్, అంటే సెకనుకు 25 నిండు బొమ్మలుగా చేశాను. దువ్వెన పళ్లలాంటి గీతలు పోయాయని సంతోషపడ్డాను. ఇంట్లో పెట్టి చూస్తే గింజలు జారడం లేదు, గెంతుతున్నాయి. సగం కదలికను నేనే పారేశాను మరి. యూఎస్ కాపీ చేసినవాళ్లను ఆడిపోసుకుని నేను చేసింది వేరే ఏం కాదు. ఒక రాత్రంతా ల్యాప్‌టాప్ నడిపి, రెండు ఫీల్డులనూ విడివిడి బొమ్మలుగా చేసి 50 ప్రోగ్రెసివ్‌లో మళ్లీ తీశాను. ఈసారి కుదిరింది. ముందు తీసిన ఇంటర్‌లేస్ ఫైలును, అంటే సగం బొమ్మలు అల్లుకుని అలాగే ఉన్నదాన్ని కూడా చెరపకుండా ఇచ్చాను, రేపు ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే దాంతో మళ్లీ చేసుకోవచ్చు.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ టీవీకి గుచ్చి ఉంటుంది. హ్యాండీక్యామ్ అడాప్టర్‌కు తగిలించే ఉంచారు, అమ్మగారికి టేపు తిరిగే చప్పుడు వినపడితేనే తృప్తి. డబ్బా మాస్టారు నాకే ఇచ్చేశారు. వీసీఆర్ కూడా ఇస్తానన్నారు గానీ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మిక్సీకి పనికొస్తుందేమోనని ఉంచుకున్నారు. పనికిరాదని చెప్పాను.

తొమ్మిది చిన్న క్యాసెట్లలో ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోదాని కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు. దాన్ని ఆడిస్తే హెడ్లు మూసుకుపోతాయి, ఆ బూజు తర్వాత పెట్టే క్యాసెట్లకూ అంటుకుంటుంది. డబ్బా విప్పి, టేపును వేరే చక్రాల మీదకు చుట్టుతూ మెత్తటి బట్టతో తుడవాలి. వాన తగ్గి గాలిలో తేమ పోయాక చేద్దామని బల్ల సొరుగులో, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టి ఉంచాను. దాని మీద అబ్బాయి రాతతో 'అమ్మ, ఎయిర్‌పోర్ట్' అని ఉంది.